ఖాళీ గడి

ఏప్రిల్ ఆఖరి మంగళవారం
క్లబ్బు షెడ్డు తలుపు వెనక
నాలుగు పిన్నులతో వేసవిని గుచ్చాను.

మేలో కెండల్. బస్సు ఏడున్నరకి, ఎవరి కోసమూ ఆగదు.
జూన్ మొదటివారం బారో. సముద్రపు గాలి, స్వెట్టర్లు తెచ్చుకోండి.
బుధవారం సాయంత్రాలు అందరికీ పోటీలు,
పేరివ్వడానికి మూడు పౌన్లు, చిల్లరుంటే మంచిది.
జూలైలో కార్లైల్, లీగు.
ఆగస్టులో, బతికి బాగుంటే, మళ్లీ లీగు.

కంబ్రియాలో వేసవంటే
వాన కాస్త వెచ్చబడటం.

వంద మీటర్లకి పేర్లు పొంగిపొర్లాయి.
ఇమోజెన్, ఫ్రేయా, చేపల దుకాణం కవలలు,
గీత దాటి మార్జిన్లోకి ఎక్కిన అక్షరాలు.
వంద మీటర్లు పెళ్లిలో మొదటి బంతి,
అందరికీ అక్కడే కూర్చోవాలనుంటుంది.

రెండు వేల మీటర్ల స్టీపుల్‌చేజ్, ఆడవాళ్లు:
ఆ గడి ఒక్కటే ఖాళీ.
మే వెళ్లింది. ఖాళీ.
జూన్‌లో ఎవరో అందులో
ఓ బాతు బొమ్మ వేశారు.

లీగు లెక్క పసిపిల్లలకీ అర్థమవుతుంది.
గెలిస్తే ఎనిమిది.
అందరికన్నా వెనకొస్తే ఒకటి.
ఎవరూ నిలబడకపోతే సున్నా.
ఒకటికీ సున్నాకీ మధ్య
ఒక మనిషి కావాలి.

ఆ మనిషి కోసం తిరిగాను.
ఇమోజెన్ జుట్టు తడుస్తుందంది.
పళ్ల డాక్టరమ్మ ప్యాంటు మడిచి
మోకాలి మీది కుట్లు చూపించింది.
కవలలు ఒకర్నొకరు చూపించుకున్నారు.

లాంగ్‌జంప్ గుంట దగ్గర థెల్మా రౌట్లెడ్జ్.
యాభై ఏడేళ్లు.
పదకొండు వేసవులుగా పంటికొర్రు పట్టుకుని
ఊళ్లో పిల్లలందరి అడుగులూ చెరిపేసే మనిషి.
ఏ పట్టికలోనూ ఆమె పేరు లేదు,
నేనే కదా రాసేది, నాకు తెలుసు.

"నీళ్లు ఎంత లోతు?" అంది తల ఎత్తకుండానే.
మోకాలు దాటి ఉంటాయన్నాను.
"వరదొచ్చిన ఏడు మా వంటింట్లో
అంతకన్నా లోతు."
చేతులు దులుపుకుని వచ్చి
బాతు పక్కన పేరు రాసింది.

కార్లైల్‌లో మబ్బు.
అడ్డుదుంగల్ని ఆమె దూకలేదు,
గొర్రెల దొడ్డి కంచె ఎక్కినట్టు
ఎక్కింది, దిగింది.
నీటి గుంట ఐదుసార్లు.
మొదటిసారి అందరూ ఫోన్లు పట్టుకుని మూగారు,
నేనూ నవ్వాను, ఒప్పుకుంటున్నాను.
మూడోసారికి
గెలిచిన పిల్ల బూట్లు విప్పి అరటిపండు తింటోంది.
నాలుగోసారికి ఎవరో గొంతు సవరించుకున్నారు.
ఐదోసారి కాలు జారి
మనిషి మొత్తం కనపడలేదు.

పైకొచ్చి ఒక తిట్టు తిట్టింది.
మా పడమటి తీరం తిట్టు, ఇక్కడ రాయను.
మళ్లీ పరుగెత్తింది.
అది పరుగేనా అంటే
గడియారం ముసలాయన ఒప్పుకున్నాడు,
వర్షపు కోటు నెత్తిన కప్పుకుని
ఆమె గీత దాటేదాకా కుర్చీ వదలకుండా.

పదిహేను నిమిషాల నలభై రెండు సెకన్లు.
ఒక పాయింటు.

దాంతో మేం ఏమీ గెలవలేదు.
కింది నుంచి రెండో స్థానం,
ఆ ఒకటి లేకపోయినా అదే స్థానం.
తిరుగు బస్సులో చిప్స్ వాసన, తడి సాక్సుల వాసన.
థెల్మా కిటికీకి తల ఆన్చి నిద్రపోయింది,
ఇమోజెన్ తన తువ్వాలు ఆమె భుజాల మీద వేసి
వెనక సీట్లోకి వెళ్లిపోయింది.

సెప్టెంబరులో కాగితం ఊడదీశాను.
ఎండకి, అదే, మాకున్న ఎండకి, 
తేదీలన్నీ వెలిసిపోయాయి.
పిన్నుల తలల కింద నాలుగు చోట్ల తెల్లగా ఉంది.
బాతు మాత్రం చెక్కు చెదరలేదు.

మడతపెడుతుంటే వెనక నుంచి
ఇసుక చేతులతో ఎవరో:
"సుత్తి విసరడం ఉంటుంది కదా,
ఆ సుత్తి ఎంత బరువు?"